3,204 కిలోలకు ఓచరు ఏది?

పుదుచ్చేరిలో కండబలం ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు శ్రీ చిన్మయ్ పేరు ఎత్తుతారు. ఈ ఊరి ఆశ్రమంలో పెరిగిన ఆయన ఒంటిచేత్తో మూడు టన్నులకు పైగా లేపాడనీ, అదంతా ధ్యానశక్తి అనీ చెబుతారు. వినేవాళ్ళు తల ఊపుతారు. "అదెలా సాధ్యం?" అని అడిగినవాణ్ణి నాస్తికుల ఖాతాలో వేస్తారు. నేను ఉద్యోగ జీవితమంతా రక్షణ శాఖ పద్దుల్లో గడిపినవాణ్ణి. బిల్లు ఎంత పెద్దదైతే ఓచరును అంత జాగ్రత్తగా చూడాలని మాకు మొదట్లోనే నేర్పారు. ఇక్కడ బిల్లు 3,204 కిలోలు. ఓచరు చూద్దాం. ఎవరి భక్తినీ కించపరచడం నా ఉద్దేశం కాదు. భక్తి వేరు, బరువు వేరు. బరువును కొలవవచ్చు.

ముందు జమ వైపు చూద్దాం. చిన్మయ్ కుమార్ ఘోష్ 1931లో, నేటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ ప్రాంతంలో పుట్టాడు. 1944లో అరవిందాశ్రమంలో చేరాడు. ఆశ్రమం వ్యాయామానికి పెద్దపీట వేస్తున్న రోజులవి. 1949 ఫిబ్రవరిలో వ్యాయామ విద్య పేరుతోనే అక్కడ ఒక పత్రిక మొదలైంది. అరవిందులు స్వయంగా దానికి రాశారు. ఆధ్యాత్మికత అంటే ఒంటిని ఎండగట్టడమే అనుకునే దేశంలో ఇది మెచ్చుకోదగ్గ పని. చిన్మయ్ అక్కడ మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నాడు. 1964లో న్యూయార్క్ వెళ్ళి గురువుగా స్థిరపడ్డాడు. 1985లో, 54వ ఏట, బరువులెత్తడం మొదలుపెట్టాడు. ఆ వయసులో మొదలుపెట్టి క్రమం తప్పకుండా సాధన చేయడం నిజంగా గొప్ప విషయం. ఇంతవరకూ నాకు పేచీ లేదు.

పేచీ అంతా 1987 జనవరి 30 నాటి పద్దుతో. ఆ రోజు ఆయన కుడిచేత్తో 7,063 ముప్పావు పౌన్లు, అంటే సుమారు 3,204 కిలోలు లేపాడని శిష్యుల ప్రకటన. దీని పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. జార్జియా దేశస్థుడు లాషా తలఖాద్జే 2021లో క్లీన్ అండ్ జెర్క్‌లో 267 కిలోలు ఎత్తాడు. అది రెండు చేతులతో, ముగ్గురు న్యాయనిర్ణేతల ముందు, తూచిన పళ్ళాలతో. 3,204ను 267తో భాగిస్తే సరిగ్గా పన్నెండు వస్తుంది. భూమ్మీద అందరికన్నా బలవంతుడు రెండు చేతులతో ఎత్తినదానికి పన్నెండు రెట్లు, యాభై దాటిన మనిషి ఒక చేత్తో ఎత్తాడన్న మాట!

"లేపడం" అన్న మాట దగ్గరే ఆగాలి. పోటీలో బరువు నేల మీది నుంచి లేచి తలపైకి వెళ్ళి అక్కడ నిలవాలి. ఇక్కడ కడ్డీ ముందే చేయి చాపిన ఎత్తులో ఆధారాల మీద ఉంది. చేయి కింద నుంచి నెట్టింది. ఎంత కదిలిందో అంగుళాల్లో, అందులోనూ భాగాల్లో చెప్పుకోవాలి. దీనికితోడు, అంత బరువు తగిలించిన పొడవాటి కడ్డీ వంగుతుంది. మధ్యలో నెడితే, చివరలు ఆధారాన్ని వదలకుండానే మధ్యభాగం కదలవచ్చు. అందువల్ల అడగవలసిన ప్రశ్నలు మూడు. బరువును తూచింది ఎవరు? ఎక్కడి నుంచి ఎక్కడిదాకా లేచింది? చూసి సంతకం పెట్టిన తటస్థులు ఎవరు? బలప్రదర్శనల చరిత్రను జీవితమంతా పరిశోధించిన, స్వయంగా పవర్‌లిఫ్టింగ్ చాంపియన్ అయిన అమెరికన్ టెర్రీ టాడ్ ఈ లెక్కను నమ్మలేదు.

స్వామీజీలకే ఈ పరీక్ష పెడుతున్నానని అనుకోవద్దు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికన్ పాల్ ఆండర్సన్, 1957లో వీపుతో 6,270 పౌన్లు లేపాడని గిన్నిస్ పుస్తకం ఏళ్ళ తరబడి ప్రచురించింది. తగిన రుజువు లేదని తర్వాత తీసేసింది. ఆయన బలాన్ని ఎవరూ శంకించలేదు. ఓచరు లేని పద్దును మాత్రం కొట్టేశారు. అంతే.

మన వైపు వద్దాం. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామమూర్తి నాయుడు (మరణం 1942) పేరు తెలియని తెలుగువాడు ఉండడు. రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని, ఛాతీకి బిగించిన గొలుసును ఊపిరి పూరించి తెంచాడని, అదంతా వాయుస్తంభన విద్య అని చెప్పుకుంటారు. ఆయన మహాబలుడే. అయితే ఆ బలం విజయనగరం తాలింఖానాలో, దండీలు బస్కీలతో ఏళ్ళ తరబడి సంపాదించినది. సర్కస్‌లో ఏనుగు ఫీటుకు మధ్యలో బల్ల ఉంటుంది. బల్ల బరువును పరుస్తుంది, దాని అంచు నేలను తాకితే నేల కూడా కొంత మోస్తుంది. ఊపిరి బిగపట్టి నడుమును గట్టిపరచడం ఇవాళ ప్రతి లిఫ్టరూ చేసే పని. 17, 18వ శతాబ్దాలకు చెందిన ఇటలీ వైద్యుడు వల్సాల్వా పేరుతో వైద్య పుస్తకాల్లో ఉంది. దానివల్ల రక్తపోటు ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. అందుకే బీపీ ఉన్న పెద్దవాళ్ళను బరువు లేపేటప్పుడు ఊపిరి వదలమంటారు. దాన్ని రహస్య విద్యగా దాచి ఉంచితే ఈ జాగ్రత్త ఎవరికీ అందేది కాదు.

అసలు మన పల్లెల పద్ధతే నిజాయితీ గలది. రచ్చబండ దగ్గర గుండు ఉండేది. తమిళ పల్లెల్లో దాన్నే ఇళవట్టక్కల్ అంటారు. కుర్రవాడు దాన్ని ఎత్తి భుజం మీదుగా వెనక్కి వేయాలి. గుండు నేలను వదిలిందా లేదా అన్నది ఊరంతా చూస్తుంది. మంత్రం వేసినా గుండు బరువు తగ్గదు.

ఆ నిజాయితీకి ఆధునిక రూపమే వెయిట్‌లిఫ్టింగ్ పోటీ. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్ళి విఫలమైంది. ఆ విఫలం కూడా రికార్డులో ఉంది. మొదటి రెండు స్థానాలవారి మొత్తం 242.5 కిలోలు. నాకు ఆ 240 మీద ఉన్న గౌరవం 3,204 మీద లేకపోవడానికి కారణం ఇదే. మహిమల పద్దులో విఫలమైన ప్రయత్నాల కాలమ్ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. బలం గురించిన శాస్త్రం కూడా ఇలా లెక్క రాసుకునే పద్ధతిలోనే పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో షికాగోలోని ఒక సైనిక ఆస్పత్రిలో థామస్ డెలార్మ్ అనే యువ వైద్యుడు, గాయపడిన సైనికుల మోకాళ్ళకు తేలిక కసరత్తుకు బదులు బరువైన కసరత్తు ఇచ్చాడు. రోగి పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువెంతో కనుక్కుని, బలం పెరిగేకొద్దీ బరువు పెంచాడు. 1945లో ఫలితాలు ప్రచురించాడు. 1948 నాటికి దాన్ని మూడు విడతలకు కుదించాడు. మొదట ఆ బరువులో సగం, తర్వాత ముప్పావు, ఆపైన పూర్తి బరువు. ఇవాళ జిమ్‌లలో చేయించేదానికి మూలం ఇదే.

1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం, తొంభై ఏళ్ళ ప్రాయపు పదిమందికి ఎనిమిది వారాలు కాళ్ళ బరువులు ఎత్తించింది. పూర్తిచేసినవారి బలం సగటున 174 శాతం పెరిగింది. పదిమందితో తేల్చలేం కదా అనవచ్చు. వాళ్ళూ అలాగే అనుకున్నారు. 1994లో వృద్ధాశ్రమాల్లోని వంద మందిని విభజించి పోల్చారు. బరువులెత్తినవారి కండబలం 113 శాతం పెరిగింది, ఎత్తనివారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఉత్త పోషకాహార పానీయం తాగినవారికి దానివల్ల బలం రాలేదు. ప్రోటీన్ డబ్బాలు కొనేవాళ్ళు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

ఇదంతా ఎందుకంటే, బీచ్ రోడ్డులో నాతో నడిచే ఒక పెద్దాయన కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తోంది. అరవై దాటాక బరువులు ముట్టకూడదనీ, శ్వాస మీద ధ్యాస పెడితే బలం అదే వస్తుందనీ ఒక శిబిరంలో చెప్పారట. ఆయన రెండేళ్ళుగా అదే చేస్తున్నారు. శ్వాస బాగానే ఉంది. తొడలు మాత్రం సన్నబడ్డాయి. ఈ వయసులో పడితే విరిగేది తుంటి ఎముక. ఆ తర్వాత చాలామంది మళ్ళీ మామూలుగా నడవరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవయసువారికీ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు కసరత్తు చెప్పింది. మూడు టన్నుల కథ వినోదంగా మిగిలితే నష్టం లేదు. బలం కసరత్తుతో కాక కృపతో వస్తుందని అది నేర్పినప్పుడు, నష్టపోయేది ఇలాంటివాళ్ళే.

ఖర్చు పెద్దగా లేదు. ముందు డాక్టరుకు బీపీ, గుండె చూపించుకోండి. తర్వాత ఒక గట్టి కుర్చీ, రెండు నీళ్ళ సీసాలు, ఒక నోటుపుస్తకం చాలు. చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో తేదీతో సహా రాయండి. లేవలేకపోయిన రోజు అది కూడా రాయండి. ఎనిమిది వారాల తర్వాత రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.