బిద్రీ నలుపులో రాగి పాలు

బిద్రీ పాత్రల నిగనిగలాడే నలుపంతా బీదర్ కోట మట్టి మహిమేనని పేరుబడింది. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న ఆ ఊళ్లో, బహమనీల కాలం నుంచీ ఉందని చెప్పుకునే పని ఇది. మట్టి ప్రమేయాన్ని కాదనలేం. కానీ పని వరస గమనిస్తే, ఆ నలుపు కొలిమి దగ్గరే మొదలైందని తేలుతుంది. సుమారు పదహారు పాళ్ల తుత్తునాగానికి ఒక పాలు రాగి కలిపి పోత పోస్తారు. నలుపుకు మూలం ఆ ఒక్క పాలే.

ఆకురాయితో నునుపు చేసిన పాత్రకు ముందుగా మైలుతుత్తం నీళ్లు రుద్దుతారు. తెల్లని లోహం నల్లబడి, దాని మీద ఉలి గీసిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ మట్టి ఊసే లేదు. తుత్తునాగం ఎలక్ట్రాన్లు వదిలి నీళ్లలోకి దిగుతుంది, ఇది ఆక్సీకరణం. మైలుతుత్తంలోని రాగి అయాన్లు వాటిని అందుకుని సన్నని పొడిగా పైన పేరుకుంటాయి, ఇది క్షయకరణం. ఆక్సీకరణం పేరులో ఆక్సిజన్ ఉన్నా, ఇక్కడ చేతులు మారేవి ఎలక్ట్రాన్లే. ఈ నలుపు తాత్కాలికం. గీతల్లో వెండి పొదిగి మళ్లీ నునుపు చేస్తే పోతుంది. ఆఖరున కోట మట్టిని, నవాసారాన్ని నీళ్లలో కలిపి, వేడెక్కిన పాత్రకు పట్టిస్తారు. ఆ లవణాలకు పైపొరలోని తుత్తునాగం కరిగిపోతుంటే, రాగి పాలు పెరిగి నల్లని పొర నిలుస్తుంది. వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. తుత్తునాగం ప్రామాణిక విభవం −0.76 వోల్టులు, వెండిది +0.80, అంత తేడా ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు వదిలేది తుత్తునాగమే.

మరి ఆ మట్టే కావాలని పనివాళ్లు ఎందుకు పట్టుబడతారని అడగవచ్చు. అది ఉత్త మూఢనమ్మకం కాదు. వానకు తడవని పాత కట్టడాల మట్టిలో సురేకారం వంటి లవణాలు కొట్టుకుపోకుండా నిలుస్తాయి. ఏ మట్టి పనిచేస్తుందో రుచి చూసి చెప్పే పనివాళ్లూ ఉన్నారు; నాలుకకు తగిలేది ఆ లవణాలే. అయితే ఎంత మంచి మట్టి పట్టించినా, రాగి లేని తుత్తునాగానికి ఈ నిలకడైన నలుపు రాదు. లవణాలు మరోచోటా దొరకవచ్చు, పోతలో పడని రాగిని ఏ మట్టీ తెచ్చివ్వదు. అందుకే కోట మట్టి తరిగిపోతోందని దిగులుపడేవాళ్లు, మూసలోకి పోసే లోహంలో రాగి పాలు తగ్గకుండా చూడటం గురించీ అంతే పట్టించుకోవాలి.