అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో బాధితుల రక్షణ

జాతి నిర్మూలన, యుద్ధ నేరాలు, మానవాళిపై నేరాల విచారణలో బాధితుల ప్రాణాన్నీ, పరువునూ కాపాడి, వారి గోడు విని, పరిహారం ఇప్పించే ఏర్పాటు ఇది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నేతలను విచారించిన నూరెంబర్గ్‌లో గానీ, తర్వాత యుగొస్లావియా, రువాండాల కోసం పెట్టిన ట్రిబ్యునళ్లలో గానీ బాధితులకు సాక్షుల బోను తప్ప వేరే చోటు లేదు. 2002 జూలై 1న అమల్లోకి వచ్చి ఈ కోర్టును ఏర్పరచిన రోమ్ శాసనం వారికి సొంత లాయర్ల ద్వారా వాదన వినిపించుకునే హక్కు ఇచ్చింది.

రక్షణకు మూలం ఆ శాసనంలోని 68వ అధికరణం. దాని ప్రకారం సాక్షి పేరు దాచవచ్చు, ముఖం, గొంతు మార్చి చూపవచ్చు, తలుపులు మూసి విచారించవచ్చు. ముప్పు మరీ ఎక్కువైతే కుటుంబంతో సహా వేరే చోటికి తరలిస్తారు. లైంగిక హింస కేసుల్లో బాధితురాలి మౌనాన్ని సమ్మతిగా తీసుకోకూడదు, ఆమె గత జీవితాన్ని తవ్వకూడదు.

ఈ కోర్టు తొలి విచారణ కాంగో సాయుధ నాయకుడు థామస్ లుబంగాపై, 15 ఏళ్లలోపు పిల్లల్ని సైన్యంలో చేర్చుకున్నాడన్న అభియోగంతో సాగింది. 2009 జనవరిలో మొదటి సాక్షిగా ఒకప్పటి బాల సైనికుడు వచ్చాడు. ఎదురుగా లుబంగా ఉన్నాడు. బడి నుంచి వస్తుంటే పట్టుకుపోయారని చెప్పిన ఆ కుర్రాడు, అదే రోజు ఆ మాట నిజం కాదన్నాడు. రెండు వారాలకు మళ్లీ వచ్చినప్పుడు నిందితుడు కనబడకుండా మధ్యలో తెర కట్టారు. చివరికి అతని వాంగ్మూలాన్ని జడ్జీలు ఆధారంగా తీసుకోలేదు. అయినా 2012లో లుబంగాకు 14 ఏళ్ల శిక్ష పడింది.

కోర్టు గదిలో తెర కట్టగలరు, సాక్షి ఊళ్లో కట్టలేరు. కెన్యాలో ఎన్నికల తర్వాత చెలరేగిన హింసపై నడిచిన కేసులో సాక్షులు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. సాక్షులను ప్రలోభపెట్టారన్న ఆరోపణల నడుమ 2016 ఏప్రిల్‌లో ఆ కేసును మధ్యలోనే ముగించారు.

పరిహారం సంగతి 75వ అధికరణం చెబుతుంది. కాంగోలోని బొగోరో గ్రామంపై జరిగిన దాడి కేసులో 2017లో 297 మందికి తలా 250 డాలర్లు, ఇళ్లకు, చదువుకు సాయం ప్రకటించారు. దోషి కటాంగా దగ్గర డబ్బు లేదు. ఇలాంటప్పుడు దేశాల విరాళాలతో నడిచే బాధితుల నిధి ఆదుకోవాలి.

పరిహారానికి శిక్ష పడడం తప్పనిసరి. 2018లో కాంగో సాయుధ నాయకుడు జాన్-పియర్ బెంబా అప్పీలులో నిర్దోషిగా విడుదలయ్యాక, ఆ కేసులో నమోదైన 5,229 మంది బాధితులకు కోర్టు నుంచి పరిహారం దక్కే దారి మూసుకుపోయింది.