తెర వెనుక డబ్బా

1990లు. అమెరికాలో ఓ ఆస్పత్రి గది. కుర్చీలో వెనక్కి వాలిన ఆమెకు రెండు చేతులకూ సూదులు గుచ్చి ఉన్నాయి. కీళ్లవాతం పట్టుకుని పదిహేనేళ్లు. వేళ్లన్నీ చిటికెన వేలి వైపు వంగిపోయాయి. జాకెట్టు గుండీ పెట్టుకోవడానికి కూడా ఇంకొకరు కావాలి. ఎన్ని మందులు మార్చినా లొంగలేదు. (పరిశోధనలో పాల్గొన్నవాళ్ల పేర్లు బయటికి రావు. ఈమె మేం ఊహించిన మనిషే. చికిత్స, అంకెలు మాత్రం నిజమైనవే.)

ఒక చేతి నుంచి రక్తం యంత్రంలోకి వెళ్తోంది. అక్కడ గిరగిరా తిరిగి ఎర్రకణాలు ఒకవైపు, గడ్డి రంగు ప్లాస్మా ఒకవైపు విడిపోతాయి. ఆ ప్లాస్మా 'ప్రొసోర్బా' అనే చిన్న డబ్బా గుండా సాగాలి. లోపల ఇసుక లాంటి సిలికా, దానికి అంటించిన 200 మిల్లీగ్రాముల ప్రొటీన్-ఎ. సెగ్గడ్డలు లేపే సూక్ష్మజీవి నుంచి తీసిందది! యాంటీబాడీలను పట్టి ఉంచడం దాని గుణం. వడగట్టిన ప్లాస్మా మళ్లీ రక్తంలో కలిసి రెండో చేతికి చేరుతుంది. వారానికోసారి, పన్నెండు వారాలు.

అయితే సగం మందికి ప్లాస్మా ఆ డబ్బాలోకి వెళ్లనే వెళ్లదు, పక్కనుంచి తిరిగొచ్చేస్తుంది. తనది ఏదో ఆమెకు తెలియదు. కీళ్లు నొక్కి వాపులు లెక్కపెట్టే డాక్టరుకూ తెలియదు. ఇంత కట్టుదిట్టం అవసరమే. 1983లో కెనడా పరిశోధకులు కీళ్లవాతానికి ప్లాస్మా మార్పిడిని ఇలాగే గుట్టుగా పరీక్షించారు. ల్యాబ్ రిపోర్టులు మెరుగుపడ్డాయి, రోగుల బాధ మాత్రం తగ్గలేదు.

సూదులు తీశాక ఒకటి రెండు రోజులు నొప్పులు ఎక్కువయ్యేవి. అయినా మరుసటి వారం మళ్లీ వచ్చి చేతులు చాచిన మనిషిది ఎంత గుండె దిటవు!

మొత్తం 91 మంది. నిజమైన చికిత్స అందిన 47 మందిలో 15 మందికి, ఉత్తుత్తి చికిత్స అందిన 44 మందిలో అయిదుగురికి గుణం కనిపించింది. 1999 మార్చిలో అమెరికా ప్రభుత్వం ప్రొసోర్బాను కీళ్లవాతానికి అనుమతించింది. కానీ అంతకు నాలుగు నెలల ముందే అదే జబ్బుకు ఎన్‌బ్రెల్ అనే ఇంజెక్షన్ వచ్చేసింది. ఇంట్లోనే వేసుకునే సూది ముందు ఆ యంత్రం నిలవలేదు. కొన్నేళ్లకు ప్రొసోర్బా మార్కెట్లో లేకుండా పోయింది.

పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి గంటకు పైగా సడలడం లేదా? వయసు మీద వేసి ఊరుకోకండి. కీళ్లు వంకర పోకముందే రుమటాలజిస్టును కలవండి.