ఆకలి అలంకారమైన వేళ

1876–78 నాటి ధాత కరువులో మా అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలోని భాగమే. వేరు జిల్లా అయినది 1882లో. ఆ కరువున సైనికాధికారి హూపర్ మద్రాసు రాజధానిలోని అన్నార్తుల ఛాయాచిత్రాలు తీశాడు. తేలిన పక్కటెముకలను చూచి లోకం ఆకలి అన్నది.

1990లలో ఫ్యాషన్ పత్రికలు అవే ఎముకలను అందమన్నాయి. 2006లో బ్రెజిల్ మోడల్ అనా కరోలినా రెస్టన్, తిండి మాన్పించే మనోవ్యాధియైన అనొరెక్సియాతో, 21వ యేట మరణించింది. అయినా 2008లో మన పత్రికలు, టీవీలు కరీనా కపూర్ 'జీరో సైజు'ను వేడుకగా చాటాయి. ఆ యేడే నా తరగతిలో ఒక బాలిక మధ్యాహ్నం అన్నం మానుకొన్నది. అడిగితే, "సన్నబడాలి సార్" అన్నది.

మిత్రులారా! కరువు బొమ్మను చూచినవాడు గంజి పోయాలనుకొంటాడు. ఈ బొమ్మను చూచిన పిల్ల తన గంజినే పారబోస్తుంది.