వంద మిల్లీమీటర్ల వాన మూడెట్లయింది?

వాన పట్టికలో సున్నా వేరు, గీత వేరు. సున్నా అంటే కొలిచారు, చుక్క పడలేదు. గీత అంటే ఆ రోజు లెక్కే రాలేదు. కర్నూలు, కడప జిల్లాల్లో ఈ తేడా చిన్నది కాదు. కరువు మండలాలను ప్రకటించేటప్పుడు చూసేవాటిలో వర్షపాతం లోటు ఒకటి మరి.

ఒక మండలంలో ఐదు రోజుల వాన మిల్లీమీటర్లలో ఇట్లా ఉందనుకుందాం: 12, 0, 5.4, గీత, 100. దీన్ని 2020 ఏప్రిల్‌కి ముందటి ఆర్ భాషలో ‘రీడ్ సీఎస్వీ’తో ఎక్కిస్తే, ఆ ఒక్క గీత వల్ల కాలమ్ మొత్తం అంకెలు కాకుండా పోయి అక్షరాలవుతుంది. అక్కడితో ఆగదు. మనం అడక్కుండానే దాన్ని ‘ఫ్యాక్టర్’ చేసేస్తుంది. అంటే నిఘంటువులో మాటల్లా పేర్చి ఒక్కోదానికీ ఒక నంబరు తగిలిస్తుంది: గీతకు 1, సున్నాకు 2, 100కు 3, 12కు 4, 5.4కు 5. ఇప్పుడు ‘యాజ్ న్యూమరిక్’ అనే ఫంక్షన్‌ని పిలిచి మా అంకెలు మాకివ్వమంటే, వాన ఇవ్వదు, ఆ నంబర్లిస్తుంది. వంద మిల్లీమీటర్ల కుండపోత 3, అంతలో సగమైనా లేని జల్లు 5. చుక్క పడని రోజుకు 2, అసలు కొలవని రోజుకు 1. ఒక్క హెచ్చరికా రాదు.

దీన్ని బగ్ అనడానికి నాకు మనసొప్పదు. ఆర్‌కు తల్లి ఎస్ భాష. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్ బృందం దాన్ని మొదలుపెట్టింది. 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆర్‌ను రాశారు. వాళ్ళ ముందున్న పట్టికల్లో మాటలంటే ఎక్కువగా వర్గాలే: ఆడ, మగ, మందు వేసుకున్నవాళ్ళు, వేసుకోనివాళ్ళు. మోడల్‌లోకి ఎక్కించాలంటే వాటిని ఎట్లాగూ నంబర్లుగా మార్చాల్సిందే. మెమరీ ఇరుకైన రోజుల్లో అదే చవక కూడా. వాళ్ళ పనికి అది సౌకర్యం. గీతలున్న వాన పట్టిక వాళ్ళ ఊహలో లేదు, అంతే.

వర్గాల దగ్గరైనా ఫ్యాక్టర్‌కు చరిత్ర తెలీదు. 2005 దాకా ఇంగ్లీషు రికార్డుల్లో కడప పేరు ‘సి’తో మొదలయ్యేది, తర్వాత ‘కె’తో, 2010లో వైఎస్సార్ జిల్లా అయింది. పాత పట్టికలన్నీ ఒకచోట చేరిస్తే ఒకే కడప మూడు జిల్లాలవుతుంది.

ఏళ్ళ తరబడి ఫిర్యాదుల తర్వాత 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్ 4.0.0లో ఆ అలవాటు మాన్పించారు. ఇప్పుడు అదే పట్టికకు అదే ప్రోగ్రాం నడిపితే గీత చోట ‘విలువ లేదు’ అని వస్తుంది, కింద ఒక హెచ్చరికా వస్తుంది. మిగతా నాలుగు రోజుల వానా భద్రం. మంచిదే. కానీ పాత వెర్షన్‌లో తీసి, రిపోర్టుల్లో అచ్చేసిన సగటులను ఎవరు తిరిగి లెక్కేస్తారు?

అన్ని అలవాట్లూ మారలేదు. భారత వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లో అంతకు మించో పడితేనే అది వర్షపు దినం. ఆర్‌లో ‘రౌండ్’ ఫంక్షన్‌కు 2.5 ఇస్తే 3 రాదు, 2 వస్తుంది. సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు వెళ్ళమని అంతర్జాతీయ ప్రమాణం. అందులో న్యాయం ఉంది, ఎప్పుడూ పైకే సవరిస్తే మొత్తాలు ఉబ్బిపోతాయి. అయితే ముందు రౌండ్ చేసి, ఆ తర్వాత వర్షపు దినాలు లెక్కపెట్టారా, సరిగ్గా 2.5 కురిసిన రోజు లెక్కలోంచి జారిపోతుంది. ఈ సగం సంగతి ఆ ఫంక్షన్ హెల్ప్ పేజీలోనే రాసి ఉంది.