ఆవిడ చూడని తారాజువ్వలు

2026 జులై 4, శనివారంతో అమెరికాకు 250 ఏళ్లు. "జులై 4 బాణసంచా మీద ఏదైనా రాయండి, గురువారానికల్లా కావాలి" అన్నారు అనుబంధం చూసే మిత్రులు. కాదనడానికి లేదు. మడత కుర్చీలు, పులిహోర డబ్బా, దోమల మందు కారు డిక్కీలో వేసుకుని ఆ రాత్రి నగరంలోకి బయల్దేరడం పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలకు ఇప్పుడు అలవాటే. ఆరు నెలలు ఉండి తిరిగొచ్చాక నయాగరా గురించి పది నిమిషాలు చెబితే, దీని గురించి అయిదు నిమిషాలైనా చెబుతారు.

బాణసంచా చరిత్రంటే నిజానికి ఒక పొడుగాటి చీకటి, మధ్యమధ్య నాలుగు మెరుపులు. చైనాలో వెదురు కణుపులు మంటలో వేసి పేల్చేవారు. తొమ్మిదో శతాబ్దంలో సూరేకారం, గంధకం, బొగ్గు కలిపితే ఏమవుతుందో తెలిసింది. అక్కడి నుంచి ఆరువందల ఏళ్లు ఒక్క గంతులో దూకితే మన గడ్డ మీద పడతాం. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహర్నవమి వేడుకల్లో బాణసంచా చూసి రాసుకున్నాడు. గజపతి ప్రతాపరుద్రుడి పేరు మీదున్న 'కౌతుకచింతామణి' అనే సంస్కృత గ్రంథంలో బాణసంచా మందు పాళ్లు కూడా ఉన్నాయి. 1515లో కృష్ణదేవరాయలు పట్టుకునేదాకా కొండవీడు ఆయనదే. ఇంత పాత పరిచయమున్నా మనం మాత్రం సీమచింత, సీమవంకాయల సరసన చేర్చి 'సీమటపాకాయ' అనే పిలుచుకున్నాం.

ఇక నాకిష్టమైన ఊరికి వస్తాను. ఫిలడెల్ఫియా. దేశం స్వతంత్రమని అక్కడి కాంగ్రెస్ తీర్మానించింది 1776 జులై 2న. మర్నాడు జాన్ ఆడమ్స్ అనే లాయరు సుమారు 300 మైళ్ల దూరాన బ్రెయిన్‌ట్రీలో ఉన్న భార్య అబిగెయిల్‌కు ఉత్తరం రాశాడు. జులై 2ను రాబోయే తరాలు పండగలా చేసుకుంటాయనీ, ఊరేగింపులు, ఆటలు, తుపాకులు, గంటలు, భోగిమంటల్లాంటి మంటలు, దీపాల వరసలతో ఈ చివర నుంచి ఆ చివర దాకా దేశం వెలిగిపోతుందనీ అందులో జోస్యం చెప్పాడు. తేదీ ఒక్కటే రెండు రోజులు తప్పింది. ఇంతకంటే దగ్గరగా చెప్పిన జ్యోతిష్కుణ్ణి నేనైతే చూడలేదు.

ఆ భార్యాభర్తల మధ్య నడిచిన ఉత్తరాలు పదకొండు వందలకు పైగా మిగిలాయి. అంటే ఎంతకాలం విడివిడిగా గడిపారో లెక్క వేసుకోవచ్చు. ఇక్కడ పొలం, పిల్లలు, అప్పులు, మశూచి టీకాలు ఆవిడ చూసుకుంటే, అక్కడ ఆయన దేశాన్ని చూసుకున్నాడు.

మొదటి వార్షికోత్సవం 1777లో. ఎవరూ ముందుగా అనుకున్నది కాదు. జులై 2న ఎవరికో తట్టింది, 3న నోటికొచ్చింది, 4న జరిగిపోయింది. పెళ్లిచూపులకొచ్చి తాంబూలాలు పుచ్చుకున్నట్టు. నదిలో ఓడలకు రంగురంగుల జెండాలు కట్టారు. 'డెలావేర్' అనే యుద్ధనౌక ఎక్కిన పెద్దలకు పదమూడేసి ఫిరంగులు మోగాయి. రాష్ట్రాలు పదమూడు కదా, అన్నీ పదమూడే. విందులో బ్యాండు మేళం వాయించినవాళ్లు ఎవరనుకున్నారు? బ్రిటిష్ వాళ్లు కిరాయికి తెచ్చుకున్న జర్మన్ సైనికులు! ఆరు నెలల కిందట ట్రెంటన్ యుద్ధంలో వాళ్లను బందీలుగా పట్టుకున్నారు. ఎవరి ఓటమికి వాళ్లే సన్నాయి ఊదారన్నమాట.

చీకటి పడ్డాక కాస్త గాలి కోసం ఆడమ్స్ వీధిలోకి వచ్చాడు. ఊరంతా కిటికీల్లో కొవ్వొత్తులు పెడుతున్నారు. కామన్స్ మైదానంలో పదమూడు తారాజువ్వలతో మొదలైన బాణసంచా పదమూడు తారాజువ్వలతోనే ముగిసింది. రంగులు మాత్రం ఊహించుకోకండి. ఎరుపుకు స్ట్రాన్షియం, ఆకుపచ్చకు బేరియం, నీలానికి రాగి లవణాలు వాడే పద్ధతి 1830ల దాకా కుదరలేదు. ఆనాటివన్నీ బొగ్గు, ఇనుపరజను ఇచ్చే పసుపు, నారింజ నిప్పులే. మన నాటు చిచ్చుబుడ్డి రంగు.

దీపం పెట్టని ఇళ్లూ ఉన్నాయి. యుద్ధం ఒప్పుకోని క్వేకర్ మతశాఖ వాళ్లు కిటికీలు చీకటిగానే ఉంచారు. కొన్నిటి అద్దాలు పగిలాయి. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన విలియం విలియమ్స్ అయితే మందు సామాను, సారాయి దండగని సణుగుతూ గవర్నరుకు ఉత్తరం రాశాడు. ఏ పండక్కయినా ఇలాంటి బాబాయి ఒకడుంటాడు. మూడు నెలలైనా గడవకముందే, సెప్టెంబర్ 26న, బ్రిటిష్ సైన్యం ఆ ఊరినే పట్టుకుంది.

పండగ మర్నాడు, జులై 5న, ఆడమ్స్ ఈ వైభవమంతా పూసగుచ్చినట్టు రాసింది భార్యకు కాదు, పన్నెండేళ్లు నిండబోతున్న కూతురు నాబీకి. భార్య నిండు గర్భిణి. ఆ జులై 10 రాత్రి భర్తకు ఉత్తరం రాస్తూ నొప్పి వచ్చి కలం కింద పెట్టింది, నొప్పి తగ్గాక మళ్లీ అందుకుంది. 11న ఆడపిల్ల పుట్టింది, ప్రాణం లేకుండా. ఆ కబురు ఆయనకు చేరేసరికి నెలాఖరు కావొచ్చింది. ఆ ఏడాది జులై అనగానే అందరూ తారాజువ్వల గురించి రాస్తారు. నాకు ఆ కిందపెట్టిన కలం గుర్తొస్తుంది.

ఇరవయ్యేళ్లకు ఆయన అధ్యక్షుడయ్యాడు. ఆవిడ కూడా ఫిలడెల్ఫియా వచ్చింది. ఇప్పుడైనా ఇద్దరూ నిమ్మళంగా పండగ చూశారా అంటే, 1797 జూన్‌లో అక్కకు రాసిన ఉత్తరంలో ఉన్నవి ఇంటి పద్దులు: ఊళ్లో పెద్దమనుషులంతా వస్తారు, వాషింగ్టన్ గారి హయాంలో ఆ రోజుకు రెండు వందల పౌండ్ల కేకు అయ్యేదట, ఖర్చు అయిదు వందల డాలర్లట!

అబిగెయిల్ 1818లో పోయింది. ఆడమ్స్ సరిగ్గా యాభయ్యో వార్షికోత్సవం నాడు, 1826 జులై 4న, స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్ కూడా కన్నుమూసిన రోజే పోయాడు. అక్కడితో కథ ఆగితే చక్కగా ఉండేది. ఆ తర్వాతిదంతా పండగ మర్నాటి వాకిలి. 1974లో బోస్టన్‌లో నది ఒడ్డున ఆర్కెస్ట్రాతో కలిపి బాణసంచా కాల్చారు. 1976లో న్యూయార్క్‌లో ఒక పెద్ద దుకాణం పేరు మీద ప్రదర్శన మొదలైంది. 2012లో శాన్‌డియాగోలో పదిహేడు పద్దెనిమిది నిమిషాల సరుకంతా అర నిమిషంలోపే ఒక్కసారి పేలింది. జనం అదే బాగుందన్నారు. సరుకు మాత్రం చాలావరకు చైనాదే. కొన్ని ఊళ్లలో ఇప్పుడు డ్రోన్లు. ఆడమ్స్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్‌లో ఇంటి ముందు కాకరపువ్వొత్తి వెలిగించినా నేరమే.

కొన్నేళ్ల కిందట మా ఆవిడా నేనూ ఈ పండగ ఆ ఫిలడెల్ఫియాలోనే చూశాం. ముప్ఫై నాలుగు దీపావళుల్లో నేను వాకిట్లో, ఆవిడ బూరెల మూకుడు దగ్గర. పక్కపక్కన కూర్చుని బాణసంచా చూడటం అదే మొదలు. ఆర్ట్ మ్యూజియం మెట్లకు దూరంగా, ఒక చెట్టు సగం ఆకాశాన్ని తినేసిన చోట దొరికింది జాగా. మొదటి జువ్వ లేవగానే ఆవిడ పైకి చూడలేదు. సంచీలోంచి ఫోన్ తీసింది. గుడివాడలో అప్పుడు తెల్లవారి ఏడు.

"చెల్లీ, కనపడుతోందా?"

"ఏం లేదక్కా, అంతా నల్లగా ఉంది. చప్పుడొస్తోందంతే. బావగారేరీ?"

ఫోన్ నా వైపు తిప్పింది. తలెత్తేసరికి చెట్టు వెనకాల పొగ మిగిలింది.