కలరా మారువేషం

మన తిరువళ్లూరు, తిరుత్తణి రైళ్లు రోజూ చేరే మద్రాసులో 1992 చివర ఒక వింత జరిగింది. రోగుల్లో లక్షణాలన్నీ కలరావే; పరీక్ష మాత్రం కాదంది. ఆ పరీక్ష ఏమిటంటారా? ప్రతిరక్షకాలున్న సీరం చుక్కలో క్రిములను కలిపితే, అవి తెలిసిన రకమైతే ముద్దకట్టాలి. ఈ క్రిమి కలరా తెచ్చే ఓ-1 సీరానికే కాదు, అప్పటికి తెలిసిన 138 రకాల్లో దేనికీ ముద్దకట్టలేదు. అందుకే ఓ-139 అయింది. బంగాళాఖాతం తీరాన దొరికింది గనుక బెంగాల్ అని ఇంటిపేరు!

నిజానికి అది పాత ఎల్‌టార్ కలరా క్రిమే. పైపొరను అల్లే జన్యువులు మాత్రం మారాయి. పాత కలరాకు రాటుదేలిన పెద్దవాళ్ల ఒళ్లు కూడా దాన్ని గుర్తుపట్టలేదు. వాళ్లే ఎక్కువగా మంచాన పడ్డారు. కొత్త సీరం తయారయ్యాకే పరీక్షకు చిక్కింది. వైద్యం మాత్రం మారలేదు: ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లే.